పేరు మాత్రం కనిపించింది

మొయినాబాద్,
నవంబరు మొదటివారం

ప్రియమైన లిదియాకు,

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య దూరమెంతని ఉత్తరం రాస్తున్నానని నవ్వుతావేమో. నవ్వినా సరే, ఇకమీదట మనసులో మాట కాగితం మీదే రాసుకుందాం. సంస్థ గ్రూపులో ఏ మాట పెట్టినా సాయంత్రానికల్లా ఎవరెవరి ఫోన్లలోనో తేలుతోంది. శంకర్‌పల్లి కేంద్రంలో ఒకాయన విసుగ్గా పెట్టిన మాటకు మెమో వచ్చిన సంగతి నీకు తెలుసు కదా. మీ కేంద్రం అటెండర్ జయరాజ్ ఎలాగూ వారం వారం తపాల్ సంచి పట్టుకుని ఇక్కడి ఆఫీసుకు వస్తాడు. కవరు అంటించి అతని చేతికిస్తే చాలు.

అసలు సంగతికి వస్తాను. నాకు కొత్త బాధ్యత ఇచ్చారు. మన కూరగాయల సంస్థలో ఆఫీసర్లు సగంమంది వారంలో సగం రోజులు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. మీలా కేంద్రాల్లో ఉన్నవాళ్లు మాత్రం రోజూ వచ్చి రైతుల ముందు నిలబడాలి. పైనుంచి వెళ్లిన మాట మీ దగ్గరికి చేరేసరికి చల్లారిపోతోందని, ఒక్కోసారి చేరడమే లేదని డైరెక్టర్ గారి దాకా ఫిర్యాదులు వెళ్లాయి. ఇంట్లో కూర్చున్నవాళ్లకూ కేంద్రంలో నిలబడ్డవాళ్లకూ ఒకే మాట ఒకేసారి అందే పద్ధతి తయారు చేయమన్నారు. ఆ పని నాది. ఇంటి నుంచే చేసుకోవచ్చు కూడా. మా అత్తమ్మ నిర్మలమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నేను గడప దాటితే ఆమెకు మంచినీళ్లిచ్చేవాళ్లు లేరు. దేవుడే ఇచ్చినట్టు దొరికింది నాకీ పని.

మీటింగుల్లో ఎవరిని అడిగినా అంతా బాగుందనే అంటున్నారు. నువ్వు మాత్రం అక్కడ ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు రాయి. నా కళ్లు తప్ప మరొకరి కళ్లు దాన్ని చూడవు. ఒకే రోజు ఉద్యోగంలో చేరి, ట్రైనింగులో ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లం. నిన్ను కాక ఎవరిని అడగను?

మీ ఆయన సాముయేలు అన్నను అడిగానని చెప్పు.

నీ సమత


చేవెళ్ల,
నవంబరు మూడోవారం

ప్రియమైన సమతా,

నీకు మంచి పని దొరికినందుకు సంతోషం. మీ అత్తమ్మ కోసం మా ప్రార్థనలో ఉన్నాం. సాముయేలు నీ ఉత్తరం చూసి, "ఇంకా ఉత్తరాలు రాసుకునేటోళ్లు ఉన్నరా" అని నవ్వాడు.

ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాస్తున్నాను. మా కేంద్రంలో మేనేజర్ పరమేష్ గారు ఒక్కరే ఆఫీసర్ల గ్రూపులో ఉన్నారు. ఆయన ఎక్కువగా మోకిలలోని తన కొత్త ఇంటి నుంచే పనిచేస్తారు. పైనుంచి ఆర్డరు ఆయన ఫోనుకు వస్తుంది. ఆయనకు గుర్తుంటే మాకు చెబుతారు. గుర్తులేకపోతే ఆ సంగతి మాకు రైతులు చెబుతారు. కౌంటర్ దగ్గర కూర్చునేది నేను కాబట్టి తిట్లు తినేది నేను.

అక్టోబరులో ఒకరోజు జరిగింది చెబుతాను. కోల్డ్ స్టోరేజ్‌లో మెషిన్లు బాగు చేయాలని, రెండు మూడు రోజులు సరుకు తీసుకోవద్దని ఆర్డరు వచ్చింది. బోర్డు మీద రాసి పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం ఒక్కసారిగా మబ్బు కమ్మి వాన మొదలైంది. ముడిమ్యాల నుంచి రామమ్మ, ఆమె వెనక మరో నలుగురైదుగురు రైతులు ట్రాలీ ఆటోల్లో గాజర్ దుంపలు తెచ్చి షట్టర్ ముందు నిలబడ్డారు. కడిగి తెచ్చిన గాజర్ అది. మళ్లీ తడిసి సంచుల్లో ఉంటే తెల్లారేసరికి మెత్తబడుతుంది. ఆర్డరు లేదని నేను చెబితే రామమ్మ నన్ను కోపంగా చూడలేదు, జాలిగా చూసింది. "లోపల మెషిన్ నడుస్తున్న చప్పుడు నాకే ఇనబడుతున్నది బిడ్డా, నీకు ఇనబడ్తలేదా?" అన్నది.

నిజమే. మెషిన్ నడుస్తోంది. పరమేష్ గారికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ప్రాంతీయ కార్యాలయానికి చేస్తే ఆరోజు అక్కడ కూడా అందరూ ఇళ్ల నుంచే పనిచేస్తున్నారని వాచ్‌మన్ చెప్పాడు. అప్పుడు జయరాజ్‌తో, "షట్టర్ లేపు. ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు" అన్నాను. అతను ఒక్క మాట అడగకుండా లేపాడు. సరుకంతా లోపల పెట్టించాం.

మర్నాడు తెలిసిందేమిటంటే, మెషిన్లు బాగయ్యాయి, సరుకు తీసుకోవచ్చని ఆరోజు పొద్దున్నే ఆఫీసర్ల గ్రూపులో ఆర్డరు వచ్చిందట. మాకు చెప్పినవారు లేరు. ఆ తర్వాత నుంచి చుట్టుపక్కల కేంద్రాల వాళ్లం కలిసి ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఆఫీసర్లు లేరు. ఏ సంగతి ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు అందులో పెడతారు. దానివల్లే ఇప్పుడు కాస్త పని సాగుతోంది.

ఇవన్నీ నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ లిదియా


మొయినాబాద్,
డిసెంబరు మొదట్లో

ప్రియమైన లిదియా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇన్ని మీటింగుల్లో నాకు అర్థం కానిది రామమ్మ ఒక్క మాటలో చెప్పింది. వానలో నువ్వు షట్టర్ ముందు నిలబడ్డ తీరు తలుచుకుంటే నాకు గర్వంగా ఉంది.

ఇంకా తెలుసుకోవాలి. ఆ చిన్న గ్రూపులో ఏయే కేంద్రాల వాళ్లున్నారు? మొదట ఎవరికి తోచింది ఆ ఆలోచన? పరమేష్ గారు వారంలో ఎన్నిసార్లు కేంద్రానికి వస్తారు? వచ్చే బుధవారం మా ఆయన రాకేష్ ఇంట్లోనే ఉంటానన్నాడు, అత్తమ్మను చూసుకుంటాడు. నేను చేవెళ్ల వస్తాను. మీ ఇంట్లోనే భోజనం. తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ సమత


చేవెళ్ల,
డిసెంబరు, క్రిస్మస్ ముందు

ప్రియమైన సమతా,

నువ్వు వచ్చి వెళ్లాక ఇల్లు రెండు రోజులు సందడిగానే ఉన్నట్టనిపించింది. నువ్వు మెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసాలో పెట్టి జయరాజ్ చేతికిస్తున్నాను.

ఆరోజు నువ్వు చెప్పిన మాట నా మనసు తేలిక చేసింది. రైతులు వానలో నిలబడ్డ సంగతి మీటింగులో వచ్చినప్పుడు పరమేష్ గారు నవ్వుతూ, "కేంద్రం వాళ్లకు చెప్పుడు మర్చిపోయిన" అని అందరి ముందు ఒప్పుకున్నారని, ఆ మీటింగులో నువ్వూ ఉన్నావని చెప్పావు కదా. అది విన్నాక సాముయేలు కూడా నా గురించి ఫికర్ పెట్టుకోవడం మానేశాడు.

ఒక్కటే అడుగుతాను. ఆ చిన్న గ్రూపు మాట, నేను షట్టర్ లేపించిన మాట మన మధ్యే ఉండనీ. నీ వెనక అడిగేవాళ్లున్నారు. రాకేష్ ఫోను చేస్తే పలికే నాయకులున్నారు. మాకట్ల ఎవరూ లేరు. నువ్వు నా చేతిలో చెయ్యి వేసి సరేనన్నావు, అయినా మళ్లీ రాస్తున్నాను.

నీ లిదియా


చేవెళ్ల,
జనవరి మూడోవారం

సమతా,

నా ముందు ఉత్తరానికి జవాబు రాలేదు. అత్తమ్మకు ఒంట్లో ఎలా ఉందో అనుకుంటూ ఉండగానే ఇక్కడ పిడుగు పడింది.

నాకు మెమో వచ్చింది. ఆర్డరు అందకముందే కోల్డ్ స్టోరేజ్ తెరిపించానట. అధికారులకు తెలియకుండా ఉద్యోగులతో గ్రూపు నడుపుతున్నానట. పై అధికారి తన పని సరిగా చేయడం లేదని నిందలు వేస్తున్నానట. సంజాయిషీ ఇవ్వమన్నారు, తర్వాత విచారణ ఉంటుందన్నారు.

ఆర్డరు పొద్దున్నే వచ్చి ఉంది కదా, నేను చేసింది ఆర్డరులో ఉన్నదే కదా అని పరమేష్ గారిని అడిగాను. "ఆర్డరు ఉన్నది. కానీ నువ్వు చూడలే కదా. చూడకుండ తెరిచినవంటే ఆర్డరు లేకుండ తెరిచినట్టే" అన్నారు. పైగా ఆరోజు ఉదయమే నాకు ఫోను చేసి ఆర్డరు సంగతి చెప్పానంటున్నారు. చెప్పి ఉంటే ఆర్డరు లేకుండా తెరవడమెలా అవుతుందన్న ప్రశ్న నాకు ఇంటికొచ్చాకే తోచింది.

గాజర్ సంగతి రైతులందరికీ తెలుసు. కానీ చిన్న గ్రూపు సంగతి అందులో లేనివాళ్లలో నీకొక్కదానికే తెలుసు, మేనేజర్ గురించి నేను అన్న మాటలైతే నీకు, నాకు తప్ప ఎవరికీ తెలియవు. నిన్న రాత్రంతా ఆలోచించాను. నా ఉత్తరాలు నీ దాకా తెచ్చేది జయరాజ్ ఒక్కడే. ఈమధ్య పరమేష్ గారు అతన్ని ఇంటి పనికి మోకిలకు పిలిపించుకుంటున్నారు. అతను కవరు విప్పి చూశాడేమో అనిపిస్తోంది. అలా అనుకోవడానికి మనసొప్పడం లేదు. మా ఇద్దరి ఇళ్లూ ఒకే చర్చి. అతని పెళ్లికి పెళ్లికూతురు కరుణమ్మకు చీర కొన్నది నేను.

నీ దగ్గరికి వచ్చిన కవర్లు ఎలా ఉన్నాయి? అంటించినట్టే ఉన్నాయా? నిజం చెప్పు. ఈ ఉత్తరం తపాల్ సంచిలో పంపడం లేదు, పోస్టులో వేస్తున్నాను.

లిదియా


మొయినాబాద్,
జనవరి చివర

లిదియా,

నీ ఉత్తరం అందింది. చాలా బాధ కలిగింది. అత్తమ్మ దవాఖానలో ఉండి రావడం వల్ల ముందు జవాబు రాయలేకపోయాను.

కవర్ల సంగతి నాకు సరిగా గుర్తు లేదు. ఒకటి రెండు కొంచెం నలిగినట్టున్నాయి. నేను ఎవరి పేరూ చెప్పలేను. మన చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరి అవసరం ఎలాంటిదో మనకేం తెలుస్తుంది? నువ్వు జాగ్రత్తగా ఉండు. సంజాయిషీలో కోపంగా ఏమీ రాయకు. నెట్‌వర్క్ సరిగా లేక ఆర్డరు అందలేదని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఈ కొత్త పద్ధతి అయ్యేదాకా నాకూ పని చాలా ఎక్కువగా ఉంది.

సమత


చేవెళ్ల,
ఫిబ్రవరి రెండోవారం

సమతా,

నెట్‌వర్క్ లేదని రాయలేదు. ఉంది కాబట్టి. జరిగింది జరిగినట్టే రాశాను.

జయరాజ్‌ను అడిగాను. ఒంటరిగా పిలిచి అడగాల్సింది. కానీ నీ ఉత్తరం చదివిన కోపం ఆగలేదు. కేంద్రంలో అందరూ ఉండగా, రైతులు చూస్తుండగా అడిగాను. "నా కవరు విప్పి ఎవరికి చూపించినవ్?" అన్నాను. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మాడిపోయింది. "నాకు చదివే తీరిక ఎక్కడున్నదక్కా, నీ ఉత్తరం నాకెందుకు" అన్నాడు. నేను వినలేదు. మోకిలకు ఎందుకు పోతున్నావని అడిగాను. పరమేష్ గారి ఇంట్లో నీళ్ల మోటరు బాగు చేయడానికి పోయానన్నాడు. మోటరు పేరు చెప్పి ఉత్తరాలు మోసినవా అన్నాను. ఆ మాట అన్నాక అక్కడున్నవాళ్లెవరూ తల ఎత్తలేదు.

అతను తపాల్ సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆదివారం చర్చిలో కరుణమ్మ నన్ను చూసి వెనక వరుసలోకి మారింది. సాముయేలు నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆధారం లేకుండా మనిషిని నలుగురిలో నిలబెట్టావన్నాడు. నా స్నేహితురాలు రాసింది, కవర్లు నలిగి ఉన్నాయట అన్నాను.

విచారణ వచ్చే నెల మొదట్లో. నగరం నుంచి ఎవరూ రారు. మా మీటింగ్ హాల్లో పెద్ద టీవీ పెట్టి వీడియోలో చేస్తారట. మేనేజరు మోకిల నుంచి, నువ్వు మీ ఇంటి నుంచి ఉంటారని తెలిసింది. పరమేష్ గారు చెప్పడం మర్చిపోయినట్టు ఒప్పుకున్న మీటింగులో నువ్వు ఉన్నావు. ఆ ఒక్క మాట నువ్వు చెబితే నా మీద ఉన్న బరువంతా దిగిపోతుంది. నేను నిన్ను ఇప్పటిదాకా ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

లిదియా


మొయినాబాద్,
ఫిబ్రవరి చివర

లిదియా,

ధైర్యంగా ఉండు. విచారణలో నేను ఉంటాను. అందరూ మంచివాళ్లే, నీకేమీ కాదు. ఎక్కువగా ఆలోచించి ఆరోగ్యం పాడు చేసుకోకు.

సమత


చేవెళ్ల,
మార్చి

సమతకు,

విచారణ ఎలా జరిగిందో నీకు తెలుసు. అయినా రాస్తున్నాను. టీవీకి ఇవతలి పక్క నుంచి అది ఎలా ఉందో నీకు తెలియదు కాబట్టి.

హాల్లో నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. కేంద్రం వాళ్లంతా వెనక బెంచీల మీద ఉన్నారు. అందరికన్నా వెనక జయరాజ్. టీవీలో విచారణ అధికారి, డైరెక్టర్ గారు, పరమేష్ గారు కనిపిస్తున్నారు. కింద మూలన ఒక నల్లటి గడి. అందులో నీ పేరు మాత్రం ఉంది. నీ ముఖం కనిపించకపోయినా ఆ పేరు చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ సంగతి నీకు తెలియాలి.

అధికారి ఒక్కొక్కటే చదివారు. షట్టర్ సంగతి ఒప్పుకున్నాను. చిన్న గ్రూపు సంగతి ఒప్పుకున్నాను. తర్వాత ఆయన, "మీ మేనేజర్ గారికి గుర్తులేకపోతే ఆర్డర్లు మీకు రైతులే చెప్తరట. ఈ మాట మీరన్నదేనా?" అని అడిగారు. అది నా మాటే. నీకు రాసిన మాట. ఇది మీకు ఎవరు చెప్పారు సార్ అని అడిగాను. ఆయన చాలా మామూలుగా చెప్పారు. "సమత గారు సమాచార లోపాల మీద ఇచ్చిన రిపోర్టులో ఉన్నది. మీరే ఆమెకు చెప్పిండ్రు కదా."

సమతా, ఆ క్షణాన నాకు నీ మీద కోపం రాలేదు. ముందు వెనక్కి తిరిగి జయరాజ్‌ను చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పటికీ నేను ఆశ వదల్లేదు. రిపోర్టు రాసిన మనిషే నిజం కూడా చెబుతుంది కదా అనుకున్నాను. ఆరోజు పరమేష్ గారు నాకు ఫోను చేయలేదని, చెప్పడం మర్చిపోయానని ఆయనే మీటింగులో అన్నారని చెప్పాను. "సమత మేడం ఆ మీటింగులో ఉన్నరు సార్. ఆమెను అడగండి" అన్నాను. పరమేష్ గారి ముఖం మారింది. అధికారి నీ పేరు పెట్టి పిలిచారు. మళ్లీ పిలిచారు.

అప్పుడు నీ మైకు తెరుచుకుంది. మీ వంటింట్లో కుక్కర్ కూత వినిపించింది. మీ అత్తమ్మ మంచినీళ్లు అడగడం వినిపించింది. హాలంతా విన్నది. నేను కుర్చీలోంచి సగం లేచాను. నువ్వు మాట్లాడతావనుకున్నాను. మైకు మూసుకుపోయింది.

"ఆమెకు నెట్ వస్తలేనట్టున్నది" అన్నారు అధికారి. ముందుకు పోదామన్నారు.

అప్పుడు వెనక నుంచి బెంచీ జరిగిన చప్పుడైంది. జయరాజ్ లేచి నడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. టీవీ వైపు చూసి, "షట్టర్ లేపింది నేను సార్. అక్క సారుకు ఫోన్ చేస్తుంటే పక్కన్నే ఉన్న. సారు ఎత్తలేదు. పొద్దుగాల సారు దగ్గర్నుంచి ఏ ఫోనూ రాలేదు. అక్కకు రాసిన శిక్ష నాకూ రాయండి" అన్నాడు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు, కూర్చోండి అన్నారు అధికారి. అతను కూర్చోలేదు. విచారణ అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు.

నేను నలుగురిలో దొంగ అన్న మనిషి అతను. అతన్ని దొంగ అనుకునేలా నాకు రాసింది నువ్వు. కవర్లు నలిగాయని ఎలా రాయగలిగావు?

లిదియా


మొయినాబాద్,
మార్చి చివర

లిదియా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నువ్వు నమ్మవు, అయినా జరిగింది చెప్పనీ.

రిపోర్టులో నీ పేరు రాయలేదు. చేవెళ్ల పేరు కూడా రాయలేదు. ఒక కేంద్రంలో ఇలా జరిగిందని, అక్కడి ఉద్యోగి చొరవ వల్ల రైతుల సరుకు పాడవకుండా నిలిచిందని మెచ్చుకుంటూనే రాశాను. డైరెక్టర్ గారు మీటింగులో ఇది ఏ కేంద్రం అని అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. అబద్ధం చెప్పలేకపోయాను. ఆ తర్వాత పరమేష్ గారు దాన్ని తన మీద ఫిర్యాదుగా తీసుకున్నారు. ఆయన అన్న మా రాకేష్‌కు ఎంత దగ్గరివాడో నీకు తెలుసు. రాకేష్ నాతో, "నీ రిపోర్టు నువ్వు ఇచ్చినవ్. ఇగ అండ్ల ఏలు పెట్టకు" అన్నాడు. నేను ఎదురు మాట్లాడితే ఈ పని తీసేసి నన్ను ఏ దూరపు కేంద్రానికో పంపిస్తారు. అత్తమ్మను ఎవరు చూస్తారు? లేవనెత్తి కూర్చోబెట్టాలి, అన్నం తినిపించాలి. నీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే నువ్వేం చేసేదానివో ఆలోచించు.

విచారణ రోజు మాట్లాడదామనే మైకు తెరిచాను. రాకేష్ పక్కనే ఉన్నాడు. చెయ్యి చాపి ఆపేశాడు.

జయరాజ్ గురించి నేను ఎక్కడా పేరు రాయలేదు. నువ్వే అలా అర్థం చేసుకున్నావు.

ఒక మంచి మాట చెప్పనీ. నీ వల్లే కొత్త పద్ధతి ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి కేంద్రాల్లో ప్రతి ఉద్యోగికీ ఆర్డర్లు నేరుగా ఫోనుకే వస్తాయి. మీ చిన్న గ్రూపు అవసరమే ఉండదు. నీ కష్టం వృథా పోలేదు. ఈ గొడవ చల్లారాక నిన్ను నా దగ్గరికి తెప్పించుకుంటాను. ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. కోపం తగ్గాక ఒక్కసారి ఫోను చెయ్యి.

సమత


చేవెళ్ల,
ఏప్రిల్

సమతకు,

నన్ను కౌంటర్ నుంచి తీసేసి ఆలూరు సేకరణ కేంద్రానికి పంపారు. జయరాజ్‌కు పిలవని విచారణలో మాట్లాడినందుకు మెమో ఇచ్చారు. పరమేష్ గారు మోకిలలోనే ఉన్నారు. నీ కొత్త పద్ధతి మొదలైంది. నా ఫోనుకు వచ్చిన మొదటి సందేశం నీదే. మనమంతా ఒకే కుటుంబమని, ఇకమీదట మన మధ్య దాపరికాలు ఉండవని రాశావు. ఆర్డర్లు సమయానికి వస్తున్నాయి. అది మంచిదే. రైతులు వానలో నిలబడే పని తప్పుతుంది. ఆ మంచిని నేను కాదనను. కానీ అది నన్ను అమ్మకుండా కూడా చేసి ఉండొచ్చు. రామమ్మ వాన సంగతి, ఆఫీసర్ల గ్రూపు సంగతి రాసి, నా మాటలు, మా చిన్న గ్రూపు వదిలేస్తే నీ రిపోర్టుకు ఏం తక్కువయ్యేది?

మీ అత్తమ్మ గురించి రాశావు. ఆమె గొంతు విన్నాను కాబట్టి ఆ బాధ అబద్ధమని అనను. నువ్వు భయపడ్డానని ముందే రాసి ఉంటే నేనే నిన్ను మాట్లాడవద్దనేదాన్ని. నువ్వు ఉంటానని రాశావు. మైకు ఆపింది రాకేష్ చెయ్యే అనుకుందాం. మళ్లీ తెరవడానికి నీకూ ఒక చెయ్యి ఉంది.

జయరాజ్ పేరు రాయలేదన్నావు. రాయలేదు. పేరు లేకుండానే, నేను అతన్నే అనుకునేటట్టు రాశావు. ఆ తప్పులో సగం నాదే. నలిగిన కవరు మాట నమ్మి, రోజూ ఎదురుగా కనిపించే మనిషిని నమ్మలేదు. నా సగం నేను తీర్చుకోవాలి కాబట్టి పోయిన ఆదివారం చర్చి అయ్యాక సాముయేలును తీసుకుని ముడిమ్యాల వెళ్లాను.

జయరాజ్ ఇంటి ముందు మేకల కొట్టానికి తడిక కడుతున్నాడు. కరుణమ్మ గుమ్మంలో నిలబడింది, కూర్చోమనలేదు. నలుగురిలో అన్నదాన్ని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని, పక్కిళ్లవాళ్లు చూస్తుండగానే చెప్పాను. నువ్వు నా కవరు విప్పలేదు, విప్పావని అన్నది నా తప్పు, ఇదే మాట రేపు కేంద్రంలో అందరి ముందూ చెబుతాను అన్నాను. అతను తడిక కట్టడం ఆపలేదు. ఇంకో ముడి బిగించి అన్నాడు.

"నీ మీద కోపం లేదంటే అబద్ధమైతదక్కా. ఉన్నది. షట్టర్ గురించి నువ్వు చెప్పింది నిజం కాబట్టి వచ్చి నిలబడ్డ. నువ్వు నన్నన్నది మర్చిపోయి కాదు."

మరి నేనేం చేయను అని అడిగాను.

"ఏం చేస్తవ్? ఇంటికి పో. పోయి రేపు చెప్తనన్నది చెప్పు."

సోమవారం ఆలూరు వెళ్లే ముందు కేంద్రానికి వెళ్లి చెప్పాను. కౌంటర్ దగ్గర రైతులు కూడా ఉన్నారు. జయరాజ్ లోపల గాజర్ సంచులు దింపిస్తున్నాడు, బయటికి రాలేదు. వినిపించిందో లేదో తెలియదు. వినిపించేంత గట్టిగానే చెప్పాను.

నీ దగ్గర పని వద్దు. ఇంటి నుంచి చేసేదైనా, ఆఫీసులో చేసేదైనా. ఆలూరులో కౌంటర్ చిన్నది, మనుషులు ఎదురుగా ఉంటారు. నాకు అది చాలు. నీ మీద నేను ఎవరికీ ఫిర్యాదు చేయను. సంస్థ పని మీద నువ్వు పంపే సందేశాలు చదువుతాను, చెప్పింది చేస్తాను. మన మధ్య ఇక మిగిలింది అదొక్కటే.

వచ్చే ఆదివారం మళ్లీ ముడిమ్యాల వెళ్తాను. అతను మాట్లాడకపోతే ఆ పై ఆదివారం కూడా వెళ్తాను. కరుణమ్మ కూర్చోమనేదాకా ఆ గుమ్మం ముందు నిలబడతాను. నేను నగరానికి పోయే బస్సు మొయినాబాద్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లినా, మీ వీధి దగ్గర మాత్రం దిగను.

లిదియా